మెడ మీద బిళ్ళ: పిల్లి రక్కుడు జబ్బా, క్షయా, మరొకటా తేల్చుకోవడం ఎలా

"మా గుంటడికి పీక కింద బిళ్ళ కట్టింది బావూ, టీబీ అంటన్నారు." శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఓపీలో కూర్చునే ఏ డాక్టరుకైనా ఈ మాట కొత్త కాదు. చాలాసార్లు ఆ అనుమానం నిజమే అవుతుంది. మన దగ్గర వారాల తరబడి తగ్గని మెడ బిళ్ళకు ముందుగా గుర్తుకు రావలసింది క్షయే. కానీ అనుమానించడం వేరు, నిర్ధారించుకోవడం వేరు. చేత్తో తడిమి చూసి ఆరు నెలల మందు మొదలుపెట్టేసిన పిల్లల్లో కొందరికి అసలు ఉన్నది పిల్లి గోటి నుంచి వచ్చిన బ్యాక్టీరియా. ఇంకొందరికి తోటలో కుట్టిన పురుగు అంటించిన స్క్రబ్ టైఫస్. రెండూ జంతువుల వైపు నుంచి మనిషికి చేరేవే. రెండిటికీ మందు కొద్ది రోజులే వాడాలి.

కాబట్టి బిళ్ళ కనపడిన రోజు నుంచి జబ్బు పేరు తేలే రోజు వరకు ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా పిల్లి రక్కుడు జబ్బు చుట్టూ నడుస్తాను, ఎందుకంటే మన దగ్గర ఎవరూ అడగనిది, అడిగితే తేలికగా దొరికేది అదే. ఇంట్లోవాళ్ళు చేయగలిగినవి, ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు గమనించవలసినవి, డాక్టరు దగ్గర నోరు తెరిచి అడగవలసినవి అన్నీ ఇందులో ఉన్నాయి. మందు రాయడం మాత్రం డాక్టరు పనే.

ఈ జబ్బు ఏమిటి

డాక్టర్లు దీన్ని క్యాట్ స్క్రాచ్ డిసీజ్ అంటారు. కారణం బార్టొనెల్లా హెన్సెలే అనే బ్యాక్టీరియా. పిల్లుల బొచ్చులో గెంతే ఫ్లీ పురుగులు దీన్ని ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి చేరుస్తాయి. ఆ పురుగుల మలం పిల్లి గోళ్ళలో ఇరుక్కుంటుంది. పిల్లి రక్కినప్పుడు అది మన చర్మం లోపలికి దిగుతుంది. ఏడాది లోపు పిల్లి పిల్లల రక్తంలో ఈ బ్యాక్టీరియా ఉండే అవకాశం పెద్ద పిల్లులకన్నా ఎక్కువ. పైకి ఆ పిల్లి పిల్ల ఏ జబ్బూ లేకుండా హుషారుగా ఆడుతూనే ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు.

1950లో ప్యారిస్‌లో రాబర్ట్ డెబ్రే అనే పిల్లల డాక్టరు ఈ జబ్బును వివరించారు. కారణమైన సూక్ష్మజీవి మాత్రం దశాబ్దాల పాటు దొరకలేదు. 1983లో వార్తిన్ స్టారీ అనే వెండి రంగు వేసి చూస్తే బిళ్ళల కణజాలంలో సన్నని బ్యాక్టీరియా కనపడింది. 1992 నాటి రక్త పరీక్షలతో బార్టొనెల్లా హెన్సెలేకు, ఈ జబ్బుకు ముడి బిగిసింది. మామూలు కల్చర్ పళ్ళెంలో రెండు మూడు రోజుల్లో మొలిచే రకం కాదిది, వారాలు పడుతుంది. ఆ చరిత్ర మనకెందుకంటే, ఈనాటికీ 'కల్చర్‌లో ఏమీ పెరగలేదు' అన్న రిపోర్టును పట్టుకుని ఈ జబ్బు లేదనుకునేవాళ్ళున్నారు.

మొదటి పని: అది బిళ్ళేనా?

మెడలో ఉబ్బిందల్లా లింఫ్ గ్రంథి కాదు. చెవి తమ్మెను పైకి నెట్టేసి, దవడ మూల కనపడకుండా చెంప మొత్తం ఉబ్బితే అది గవదబిళ్ళలు కావచ్చు. మెడ ముందు భాగంలో, గుటక వేసినప్పుడు పైకీ కిందికీ కదిలేది థైరాయిడ్. నాలుక బయటకు చాపితే పైకి లేచే నడిమి గడ్డ పుట్టుకతో వచ్చిన తిత్తి అయి ఉంటుంది. లింఫ్ గ్రంథి వీటికి భిన్నంగా దవడ కింద, చెవి ముందు, చెవి వెనక, మెడ పక్కన, మెడ వెనక, కాలరు ఎముక పైన ఉండే గుండ్రని బిళ్ళ. పిల్లల మెడలో చింతగింజంత మెత్తటి బిళ్ళలు ఒకటీ రెండూ చేతికి తగలడం మామూలే. వాటికి కంగారు పడక్కర్లేదు.

రెండో పని: తేదీ, కొలత రాసుకోవడం

బిళ్ళ మొదట ఎప్పుడు కనపడిందో క్యాలెండరు మీద రాయండి. స్కేలు పెట్టి పొడవు, వెడల్పు కొలవండి. ఫోన్‌లో పక్కన స్కేలు కనపడేలా ఫొటో తీయండి. వారానికోసారి ఇదే చేయండి. తర్వాత ఎవరైనా 'మందుకు తగ్గింది', 'తగ్గలేదు' అన్నప్పుడు ఆ మాట నిజమో కాదో చెప్పేది ఈ కాగితమే.

రెండు మూడు రోజుల్లోనే ఎర్రగా, వేడిగా, తాకనివ్వనంత నొప్పిగా ఉబ్బితే అది సాధారణంగా గొంతు నుంచో, పుచ్చిపన్ను నుంచో, తలలో కురుపుల నుంచో వచ్చిన మామూలు చీము బ్యాక్టీరియా పని. రెండు మూడు వారాలుగా నెమ్మదిగా పెరిగి, నొక్కితే నొప్పి పెట్టే ఒంటరి బిళ్ళ అయితే పిల్లి రక్కుడు జబ్బును తలచుకోవాలి. నెలల తరబడి నొప్పి లేకుండా పెరిగి, రెండు మూడు కలిసి ఒకదానికొకటి అతుక్కుని, చివరికి చర్మం పలచబడి చీము కారితే అది మన పెద్దలు కంఠమాల అని పిలిచిన క్షయ రూపం. ఈ మూడు వర్ణనలూ దారి చూపిస్తాయి గానీ తీర్పు చెప్పవు. పిల్లి రక్కుడు బిళ్ళ కూడా పది మందిలో ఒకరికి చీము పట్టవచ్చు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఊపిరి ఆడకపోయినా, ఉమ్మి కూడా మింగలేక నోటి వెంట కారుతున్నా, నోరు తెరవలేకపోయినా, నాలుక కింద గట్టిపడినా, జ్వరంతో మాట తడబడుతున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. కాలరు ఎముక పైన బిళ్ళ, రాయిలా గట్టిగా కదలని బిళ్ళ, బరువు తగ్గడం, రాత్రిళ్ళు బట్టలు తడిసేంత చెమట ఉంటే వారాల తరబడి చూస్తూ కూర్చోకూడదు, ఆ వారంలోనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

మన ప్రాంతానికి సంబంధించి మరొక మాట ఇక్కడే చెప్పాలి. చుట్టను వెలుగుతున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం పల్లెల్లో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళలో ఇంకా ఉంది. ఆ అలవాటున్న అమ్మకు మెడలో బిళ్ళ కడితే పిల్లి సంగతి, పురుగు సంగతి తర్వాత. ముందు టార్చి వేసి అంగిలి చూడాలి. తెల్లటి మచ్చలు, మానని పుండు ఉంటే అది క్యాన్సర్ పరీక్షకు వెళ్ళవలసిన మనిషి.

మూడో పని: చర్మం వెతకడం

నా దృష్టిలో మొత్తం నిర్ధారణలో సగం ఇక్కడే ఉంది. డబ్బు ఖర్చు లేదు, మంచి వెలుతురు, పది నిమిషాల ఓపిక కావాలి.

లింఫ్ గ్రంథి తనకు దగ్గరలో ఉన్న చర్మానికి కాపలా కాస్తుంది. చేతి మీద పిల్లి రక్కితే మోచేతి దగ్గరో చంకలోనో బిళ్ళ కడుతుంది. ఈ జబ్బులో చంక బిళ్ళలే అన్నిటికన్నా ఎక్కువ. మెడలో కట్టిందంటే ప్రవేశ ద్వారం తల, ముఖం, చెవి, మెడ మీద ఎక్కడో ఉండాలి. పిల్లి పిల్లను మెడకు హత్తుకునే, చెంపకు ఆనించుకునే చిన్నపిల్లల్లోనే ఇది ఎక్కువగా కనపడటానికి కారణం అదే. అరచేతి మీద గీత ఒక్కటే ఉండి, బిళ్ళ మెడలో ఉంటే ఆ రెండిటికీ లంకె బలహీనం. ఇంకా వెతకాలి.

పిల్లి రక్కిన మూడు నుంచి పదిహేను రోజుల లోపు ఆ చోట ఒక చిన్న ఎర్రటి పొక్కు వస్తుంది. తర్వాత పెచ్చు కడుతుంది. అది ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. బిళ్ళ సాధారణంగా రక్కిన ఒకటి నుంచి మూడు వారాలకు లేస్తుంది. అందుకే బిళ్ళ చూసేసరికి పొక్కు మానిపోయి చిన్న మచ్చ మాత్రమే మిగిలి ఉండవచ్చు. జుట్టు పాయలు విడదీసి తల మొత్తం చూడండి. చెవి వెనక మడత, కనుబొమ్మలు, గడ్డం కింద, మెడ వెనక జుట్టు మొదలు చూడండి. పేలు, గోకిన కురుపులు కనపడితే మెడ వెనకాల బిళ్ళలకు అవే కారణం కావచ్చు. ఒక కన్ను ఎర్రబడి, అదే వైపు చెవి ముందు బిళ్ళ ఉంటే ఆ జత చాలా విలువైనది. పిల్లిని ముట్టిన చేత్తో కన్ను నలుపుకున్నవాళ్ళలో బార్టొనెల్లా ఇలా బయటపడుతుంది. పారిస్‌లో కంటి డాక్టరు ఆన్రీ పారినో ఈ జతను 1889లోనే గమనించారు.

వెతికేటప్పుడు బట్టలు తీసి చంకలు, గజ్జలు, నడుం పట్టీ కింద, ఆడవాళ్ళలో రొమ్ముల కింద కూడా చూడాలి. అక్కడ బీడీ అంటించినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి వలయం, నొప్పి లేకుండా ఉందా? జ్వరం కూడా ఉందా? అయితే అది స్క్రబ్ టైఫస్ అనే దాకా వచ్చేసినట్టే. ఓరియెన్షియా సుసుగముషి అనే బ్యాక్టీరియాను మోసే చిగ్గర్ పురుగు కుట్టిన చోటది. ఎలుకలు తిరిగే పొదలు, గడ్డి, పొలం గట్లు, జీడితోటల్లో ఈ పురుగులుంటాయి. చెవి వెనకో, మెడ మీదో కుడితే అదే వైపు మెడలో బిళ్ళ లేస్తుంది. పురుగు కుట్టినట్టే తెలియదు కాబట్టి 'ఏదీ కుట్టలేదు' అన్న మాటను నమ్మి వెతకడం ఆపకూడదు. పెచ్చు అందరిలో ఉండదు కూడా.

స్క్రబ్ టైఫస్ ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతిని ప్రాణం పోతుంది. అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరు డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు. సాధారణంగా రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. ఐజీఎం (సోకిన తొలినాళ్ళలో రక్తంలో పుట్టే యాంటీబాడీ) ఎలైజా రక్త పరీక్ష నిర్ధారణకు పనికొస్తుంది. పాతకాలపు వీల్ ఫెలిక్స్ పరీక్ష నెగెటివ్ వచ్చిందని ఈ జబ్బును కొట్టేయకూడదు.

నాలుగో పని: జంతువుల గురించి సరిగ్గా అడగడం

"ఇంట్లో పిల్లి ఉందా?" అని అడిగితే జవాబు దాదాపు ఎప్పుడూ "నేదు" అనే వస్తుంది. మన ఇళ్ళలో పిల్లిని ఎవరూ 'పెంచరు'. అది వస్తుంది, పోతుంది, ధాన్యం బస్తాల దగ్గర ఎలుకలు పడుతుంది. ఒక పాపకు దవడ కింద బిళ్ళ ఉండగా నేను ఇదే ప్రశ్న అడిగితే తల్లి లేదంది. పక్కన కూర్చున్న నాయనమ్మ అప్పుడు నోరు విప్పింది: "పిల్లి నేదు గానీ బావూ, పక్కింటోల పిల్లి కూన ఒకటి వొస్తాది. గుంట దాన్నే పట్టుకుని ఆడతాది, పక్కలో ఏసుకుంటాది." పాప చెవి వెనక చూస్తే పాత గీత కనపడింది.

కాబట్టి ప్రశ్న మార్చాలి. గత రెండు నెలల్లో పిల్లి పిల్ల ఏదైనా ఇంటి చుట్టుపక్కల తిరిగిందా, పిల్లలు ఎత్తుకున్నారా, రక్కిందా, నాకిందా? బడిలో, అంగన్‌వాడీలో, అమ్మమ్మగారి ఊళ్ళో? చేపలు ఎండబెట్టే భావనపాడు, కళింగపట్నం వంటి తీరపు ఊళ్ళలో పిల్లులు గుంపులుగా తిరుగుతాయి. అక్కడి పిల్లలను ఇంకా జాగ్రత్తగా అడగాలి.

ఆ తర్వాత పశువుల సంగతి. పాలు కాయకుండా, పితికిన వెంటనే గుమ్మపాలు తాగే అలవాటు ఉందా? పశువుల క్షయ కలిగించే మైకోబ్యాక్టీరియం బోవిస్ పచ్చిపాల ద్వారా వస్తే మెడ గ్రంథుల్లో దిగడం దానికి సహజం. దీనికి క్షయ మందుల్లో ఒకటైన పైరజినమైడ్ పుట్టుకతోనే పనిచేయదు. క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే మామూలు సీబీనాట్ పరీక్ష దీన్నీ మనుషుల క్షయనూ వేరు చేసి చెప్పదు. అందుకే గుమ్మపాల సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. గొర్రెలు, మేకలు, ఆవులు ఈసుకుపోయినప్పుడు (నెలలు నిండకుండా ఈనినప్పుడు) చేయి పెట్టి మాయ తీసిన కాపరికి వచ్చీపోయే జ్వరం, కీళ్ళ నొప్పులు, చిన్న బిళ్ళలు ఉంటే బ్రూసెల్లోసిస్ పరీక్ష అడగాలి. చచ్చిన గొర్రెను కోసినా, తిన్నా, ఆ తర్వాత చర్మం మీద నల్లటి పుండో, గొంతులో పుండుతో మెడ అంతా ఉబ్బడమో జరిగితే అది ఆంత్రాక్స్ కావచ్చు. పొరుగున విశాఖ మన్యంలో ఆంత్రాక్స్ మనుషులకు సోకిన చరిత్ర ఉంది. ఆ అనుమానం ఉంటే అదే గంటలో ఆసుపత్రికి పోవాలి.

ఇంటర్నెట్‌లో వెతికితే టులరీమియా అనే పేరు కూడా కనపడుతుంది. ఎలుకలు, కుందేళ్ళ నుంచి వచ్చే ఆ జబ్బు టర్కీ వంటి చోట్ల కలుషిత నీటి ద్వారా మెడ బిళ్ళలుగా వ్యాపించింది. మన దగ్గర ముందు వరసలో తలచుకోవలసిన పేరు అది కాదు.

పిల్లి రక్కిందని తేలితే బార్టొనెల్లా కన్నా ముందు రేబిస్ గురించి ఆలోచించాలి. రక్కిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. గీతపడిందంటే వ్యాక్సిన్ వేయించాలి, రక్తం వచ్చిందంటే దానితోపాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వ్యాక్సిన్ ఉచితం. రక్కి వారాలు గడిచినా, వేయించుకోకపోతే ఇప్పుడైనా డాక్టరుకు చెప్పండి. రక్కిన పిల్లి పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా కళ్ళ ముందే తిరుగుతుంటే ఆ గీత వల్ల రేబిస్ వచ్చే భయం తీరినట్టే. కానీ ఆ పది రోజులు చూసి తర్వాత వ్యాక్సిన్ మొదలుపెడదాం అనుకోకూడదు.

ఐదో పని: దారి చెరిపేసే మందులు వాడకపోవడం

ఊళ్ళో ఇంజెక్షన్ వేయించుకుని, మెడికల్ షాపులో నాలుగు మాత్రలు తెచ్చుకుని, తగ్గకపోతే అప్పుడు పెద్దాసుపత్రికి రావడం మన అలవాటు. మెడ బిళ్ళ విషయంలో ఆ అలవాటు ఖరీదైనది. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు వాడితే క్షయ బిళ్ళ, లింఫోమా క్యాన్సర్ బిళ్ళ కూడా కొన్నాళ్ళు కుంచించుకుపోతాయి, సూది పరీక్షలో అసలు కణాలు దొరకవు. లీవోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి క్షయ క్రిమిని సగం అణచి పరీక్షను నెగెటివ్ చేయగలవు. నొప్పి మాత్రల మాట, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్ళకు వేరుగా చెప్పనక్కర్లేదు గానీ చెబుతాను: సోంపేట, కవిటి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో తెలియకుండా డైక్లోఫెనాక్ వంటివి మింగొద్దు. డాక్టరును చేరేదాకా నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఇప్పటికే వేరే మందు వాడి ఉంటే ఖాళీ రేకులు పారేయకుండా తీసుకెళ్ళండి.

ఆరో పని: తొలి పరీక్షలు

రక్త కణాల లెక్క, ఈఎస్‌ఆర్, ఛాతీ ఎక్స్‌రే, షుగర్, హెచ్‌ఐవీ, క్రియాటినిన్. ఇవి జబ్బు పేరు చెప్పవు, మనిషి పరిస్థితి చెబుతాయి. ఈఎస్‌ఆర్ ఎక్కువుందని క్షయ అనడం సరి కాదు, ఏ వాపులోనైనా అది పెరుగుతుంది. మెడ అల్ట్రాసౌండ్‌లో బిళ్ళ గట్టిగా ఉందా, లోపల చీము చేరిందా తెలుస్తుంది. గుండె కవాటం దెబ్బతిన్నవాళ్ళు, డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. వాళ్ళలో బార్టొనెల్లా బిళ్ళ దగ్గర ఆగదు. గుండె కవాటాలకు, కాలేయానికి, చర్మానికి పాకగలదు.

ఏడో పని: సూది పరీక్ష, నమూనా పంచుకోవడం

అసలు తీర్పు ఇక్కడ రావాలి. ఎఫ్‌ఎన్‌ఏసీ అంటే సన్నని సూదితో బిళ్ళ లోపలి కణాలు లాగి గాజు పలకల మీద చూడటం. మత్తు అక్కర్లేదు, కొద్ది నిమిషాల పని, ఇంజెక్షన్ అంత నొప్పి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో, రాగోలు, నెల్లిమర్లలోని మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో పాథాలజీ విభాగాలున్నాయి.

చాలాచోట్ల జరిగే నష్టం ఏమిటంటే, లాగిన నమూనా అంతా పలకల మీదికే వెళ్ళిపోతుంది. తర్వాత 'క్షయ క్రిమి ఉందా' అని అడగడానికి మిగిలేది ఉండదు. అందుకే సూది గుచ్చకముందే డాక్టరును మర్యాదగా అడగండి: "సార్, కొంచెం సీబీనాట్‌కో ట్రూనాట్‌కో కూడా పంపుతారా?" ఈ రెండూ క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని, దానితోపాటు రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా లేదా అనేదాన్నీ గంటల్లో చెప్పే యంత్రాలు. ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో ఉచితం. చీము వస్తే మామూలు కల్చర్‌కు, క్షయ కల్చర్‌కు కూడా పంపాలి. ఈ పరీక్షలకు పంపే నమూనా శుభ్రమైన ఖాళీ గొట్టంలో, లేదా సెలైన్‌లో ఉండాలి. ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చిపోతాయి, కల్చర్‌కు ఇక పనికిరాదు.

ఇక రిపోర్టు చదవడం. 'రియాక్టివ్' అంటే గ్రంథి దేనికో స్పందించి ఉబ్బింది, క్యాన్సర్ కణాలు కనపడలేదు అని. తొలి వారాల పిల్లి రక్కుడు జబ్బు ఇలాగే కనపడవచ్చు. 'గ్రాన్యులోమేటస్ లింఫడెనైటిస్' అన్న రెండు మాటలు చూడగానే క్షయ ఫైలు తెరిచేయడం మన దగ్గర పరిపాటి. గ్రాన్యులోమా అంటే శరీరం తాను తేలికగా చంపలేని దాని చుట్టూ కట్టిన కణాల గుంపు. క్షయలో వస్తుంది, పిల్లి రక్కుడు జబ్బులో వస్తుంది, బ్రూసెల్లోసిస్‌లో, కొన్ని ఫంగస్ జబ్బుల్లో కూడా వస్తుంది. పలకను చదివే పాథాలజిస్టు గ్రాన్యులోమాల నడుమ న్యూట్రోఫిల్ చీము కణాలు ఎక్కువగా ఉన్నాయని, 'సప్యురేటివ్' (చీము పట్టినది) అని రాస్తే, క్షయ క్రిమి రంగు పరీక్షలో కనపడకపోతే, అప్పుడు పిల్లి ప్రశ్న తప్పకుండా అడగాలి. పెద్ద ముక్క తీసి బయాప్సీ చేస్తే ఈ జబ్బులో నక్షత్రం ఆకారపు చిన్న చీము గదులు కనపడతాయి. అయితే ఈ కథ పాథాలజిస్టుకు తెలియాలి. పరీక్ష కాగితం మీద 'మెడ వాపు' అని ఒక్క మాట రాసి పంపకుండా 'పిల్లి పిల్ల రక్కింది, మూడు వారాలైంది' అని రాయించండి. ఆ ఒక్క వాక్యంతో పలకను చూసే కన్ను మారుతుంది.

సీబీనాట్ పాజిటివ్ అయితే వాదన లేదు, క్షయే. మందు ఉచితం, పోషకాహారానికి నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1000 రూపాయలు వస్తాయి, పూర్తి కోర్సు వాడాలి. నెగెటివ్ అయితే మాత్రం క్షయ లేదని అర్థం కాదు. గ్రంథుల క్షయలో క్రిములు తక్కువ ఉంటాయి, పరీక్ష కొందరిని వదిలేస్తుంది. అప్పుడు కల్చర్ రిపోర్టు కోసం ఆగడం, మళ్ళీ సూది పరీక్ష, అవసరమైతే బిళ్ళ మొత్తం తీసి బయాప్సీ చేయడం సరైన దారి.

ఎనిమిదో పని: బార్టొనెల్లా రక్త పరీక్ష

బార్టొనెల్లా హెన్సెలే ఐజీజీ, ఐజీఎం అని అడగాలి. ఈ రెండూ ఆ క్రిమిని ఎదుర్కోవడానికి రక్తంలో పుట్టే యాంటీబాడీలు. మన జిల్లాల్లో కలెక్షన్ సెంటర్లు రక్తం తీసి బయటి నగరాల్లోని పెద్ద ల్యాబులకు పంపవలసి రావచ్చు. ముందే ఫోన్ చేసి, చేస్తారా, ఎన్నాళ్ళు పడుతుంది, ఎంతవుతుంది కనుక్కుని వెళ్ళండి.

రిపోర్టులో 1:64, 1:128, 1:256 అని, రక్తాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా యాంటీబాడీ కనపడిందో చెప్పే అంకెలుంటాయి. ఐజీజీ 1:64 కన్నా తక్కువైతే ప్రస్తుతం ఈ జబ్బు ఉండే అవకాశం తక్కువ. 1:256 దాటితే, బిళ్ళ కథ కూడా కలిస్తే, కొత్తగా వచ్చిన సోకుడు అని గట్టిగా చెప్పవచ్చు. మధ్యలో ఉంటే రెండు మూడు వారాలాగి రెండోసారి ఇవ్వాలి. నాలుగు రెట్లు పెరిగితే అనుమానం తీరుతుంది. పిల్లులతో తిరిగే ఆరోగ్యవంతుల రక్తంలో కూడా పాత ఐజీజీ తక్కువ స్థాయిలో ఉండగలదు, అందుకే కథ లేని అంకెకు విలువ లేదు. ఐజీఎం త్వరగా మాయమవుతుంది, నెగెటివ్ అయినా ఏమీ తేలదు. బిళ్ళ నుంచి తీసిన చీము మీద, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ చేయగలిగితే అది సూటి సాక్ష్యం. పిల్లిని పరీక్ష చేయించడం వల్ల ఉపయోగం లేదు.

తొమ్మిదో పని: అన్నీ కలిపి చూడటం

చిన్నపిల్లో పిల్లాడో, పిల్లి పిల్లతో ఆట, తల మీదో ముఖం మీదో మానిన గీత, మూడు వారాల ఒంటరి నొప్పి బిళ్ళ, ఎక్స్‌రే మామూలు, సీబీనాట్ నెగెటివ్, పలకలో చీముతో కూడిన గ్రాన్యులోమా, ఐజీజీ ఎక్కువ. ఇవన్నీ ఒకే వైపు చూస్తే ఇది పిల్లి రక్కుడు జబ్బే. రక్త పరీక్షకు స్థోమత లేకపోయినా మిగతావి గట్టిగా కలిస్తే డాక్టరు ఆ పేరు మీదే ముందుకు వెళ్ళవచ్చు.

'క్షయ మందు వేసి చూద్దాం, తగ్గితే క్షయే' అన్న పద్ధతిని నేను ఒప్పుకోను. పిల్లి రక్కుడు బిళ్ళ ఏ మందూ లేకపోయినా సాధారణంగా రెండు నుంచి నాలుగు నెలల్లో తనంతట తానే కరుగుతుంది. క్షయ మందు మొదలుపెట్టిన రెండో నెలలో అది తగ్గితే పేరు మందుకు వస్తుంది, పిల్లవాడు మిగతా నెలలు కాలేయానికి, కంటిచూపుకు ఇబ్బంది తెచ్చే అవకాశమున్న మాత్రలు అక్కర్లేకుండా మింగుతాడు. దానికి తిరగేసి, నిజమైన క్షయ బిళ్ళ సరైన మందు మీద ఉండగానే కొన్నాళ్ళు పెరగవచ్చు కూడా. తగ్గడం, పెరగడం సాక్ష్యాలు కావు. నమూనానే సాక్ష్యం. అలాగే, ఇంట్లో పిల్లి ఉందన్న ఒక్క కారణంతో క్షయ పరీక్ష మానేయడం కూడా అంతే తప్పు.

పేరు తేలాక

తేలికపాటి జబ్బుకు మందు లేకుండా ఆగడం కూడా ఒక పద్ధతే. చాలామంది డాక్టర్లు ఐదు రోజుల అజిత్రోమైసిన్ ఇస్తారు: మొదటి రోజు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, తర్వాత నాలుగు రోజులు 5 చొప్పున. పెద్దలకు మొదటి రోజు 500, తర్వాత 250. 1998లో వచ్చిన ఒక పోలిక పరీక్షలో ఈ మందు తీసుకున్నవాళ్ళ బిళ్ళలు మొదటి నెలలో త్వరగా తగ్గాయి, ఆ తర్వాత పెద్ద తేడా లేదు. మందు అయిపోయిన మర్నాడే బిళ్ళ మాయం కాదని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పాలి, లేకపోతే ఐదో రోజుకే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళిపోతారు.

చీము పట్టితే సూదితో లాగడం మంచిది, నొప్పి కూడా వెంటనే తగ్గుతుంది. కత్తితో గాటు పెట్టి చీము వదిలితే ఆ గాయం నెలల తరబడి కారుతూ ఉండిపోగలదు. ఇది క్షయ బిళ్ళకూ వర్తిస్తుంది. పసరు కట్లు, వాతలు, సున్నం పట్టీలు వద్దు. చూపు మసకబారినా, మూర్ఛ వచ్చినా, జ్వరం వారాలు దాటినా, కడుపునొప్పి మొదలైనా విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్ద చోటికి వెళ్ళాలి.

పిల్లిని సంచిలో వేసి ఊరవతల వదిలేయనక్కర్లేదు. పశువైద్యశాలలో చూపించి ఫ్లీ పురుగులకు మందు, రేబిస్ టీకా వేయించండి. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి పూయకండి, అది పిల్లిని చంపుతుంది. పిల్లలు పిల్లి పిల్లతో ఆడాక చేతులు కడుక్కోవాలి, పుండు మీద నాకనివ్వకూడదు. ఇంట్లో డయాలిసిస్ మనిషో, హెచ్‌ఐవీ మందు వాడే మనిషో ఉంటే ఏడాది లోపు పిల్లి పిల్లను తెచ్చుకోకపోవడమే మేలు.

వారం వారం కొలత రాయడం మానొద్దు. నెలకోసారి డాక్టరుకు ఆ కాగితం చూపించండి. ఎనిమిది వారాలకు కూడా సగానికి తగ్గకపోతే, లేదా మధ్యలో ఎప్పుడైనా కొత్త బిళ్ళలు లేచినా, బరువు తగ్గినా, పేరు తేలిందనుకున్న ఫైలు మళ్ళీ తెరవాలి. అప్పుడు అడగవలసింది బిళ్ళ మొత్తం తీసి చేసే బయాప్సీ. పాత పలకలు, రిపోర్టులు, రక్త పరీక్ష కాగితాలు ఒకే కవరులో పెట్టుకుని వెళ్ళండి. పలకలు మీ దగ్గర లేకపోతే ల్యాబును అడగండి.